నీళ్లు నిలవని హండే

హిందూపురంలో మా దుకాణానికి వచ్చి మీరు నీళ్లు కాచే మిషన్ ఏది కొనాలన్నా, ముందు స్టూలు మీద కూర్చుని ఈ కథ వినాలి. ఇది మా మామగారు పెట్టిన షరతు, నేను పెట్టింది కాదు. ఈ కథలో ఒక పండగ పూట ఇల్లు చీకటవుతుంది, వడల పిండి సగంలో ఆగిపోతుంది, ఒక కొత్త అల్లుడు తల నిండా సీకాయతో, తువ్వాలు కట్టుకుని, ముక్కూమొహం తెలియని మనిషికి ఫోన్ చేసి ఏడుస్తాడు. ఆ అల్లుణ్ణి నేనే. మీరు మొహమాటపడకుండా నవ్వండి. మా ఇంట్లోవాళ్లు ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు, నేను అలవాటుపడిపోయాను.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. ధర్మవరంలో ఒక ఎలక్ట్రికల్ దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడి బల్బులు వెలిగించి చూపించేవాణ్ణి. ఒకరోజు ఎవరో కంపెనీవాళ్లు వచ్చి, ట్యాంకు లేని వాటర్ హీటర్ల మీద మాకు ఒక పూట శిక్షణ ఇచ్చారు. పొద్దున లాభాలు చెప్పారు, భోజనాలయ్యాక నష్టాలు చెప్పారు. భోజనం చాలా బాగుంది. నేను నిద్రపోయాను.

అందువల్ల ఆ హీటరు లాభాలన్నీ నాకు కంఠతా వచ్చు. దానికి ట్యాంకు ఉండదు. కొళాయి తిప్పగానే నీళ్లు ఆ పెట్టెలోంచి పోతూ పోతూనే కాగిపోతాయి. గంట ముందు స్విచ్ వేసి ఎదురుచూసే పని లేదు. ఎవరూ వాడనప్పుడు నీళ్లను ఊరికే వేడిగా ఉంచడానికి కరెంటు తగలేయనక్కర్లేదు. గోడ మీద పిల్లల పలకంత చోటిస్తే చాలు. ఇవన్నీ నిజాలే, ఇప్పటికీ నిజాలే. నష్టాల గురించి అడిగితే మాత్రం నాకు ఆ రోజు తిన్న బిరియాని గుర్తొచ్చేది.

ఆ ఏడు శ్రావణంలోనే నా పెళ్లయింది. నా భార్య శైలజది హిందూపురం. వాళ్ల నాయన నారాయణప్పగారికి బజారులో పాత్రల దుకాణం ఉంది. దానికి రెండు షట్టర్లు. ఎడమ షట్టర్‌లో రాగి, ఇత్తడి, స్టీలు మెరుస్తూ ఉంటాయి. కుడి షట్టర్‌లో ఖాళీ డబ్బాలు, గోనెసంచులు, వాటి మీద ఒక పిల్లి ఉంటాయి. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు నేను అమ్మాయిని ఎంత శ్రద్ధగా చూశానో ఆ కుడి షట్టర్‌ను కూడా అంతే శ్రద్ధగా చూశాను. అక్కడ నా సొంత హీటర్ల దుకాణం పెట్టుకోవాలని, ఇంకొకరి కౌంటర్ దగ్గర నిలబడే బతుకు చాలించాలని నా కోరిక. మామగారిని రెండుసార్లు అడిగాను. ఆయన రెండుసార్లూ నవ్వి, కాఫీ తెప్పించారు.

ఇంతలో పెళ్లయ్యాక మొదటి దీపావళి వచ్చింది. శైలజ వారం ముందే పుట్టింటికి వెళ్లింది. నేను పండగ ముందురోజు పొద్దున ఒక హీటరు కొని, ఒళ్లో పెట్టుకుని రైలెక్కాను. ఎవరికీ చెప్పలేదు. మామగారి ఇంట్లో దాన్ని బిగించి, పండగ తలంట్లన్నీ దాంతోనే జరిపిస్తే ఆయనే షట్టర్ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెడతారని నా లెక్క.

ఎదుటి సీట్లో ఒక పెద్దాయన కూర్చున్నాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట కరెంటు చూసే టెస్టర్ ఉంది.

"ఏమప్పా, అంత భద్రంగా పట్టుకోనుండావు, పెట్టెలో ఏముండాది?" అన్నాడు.

"హీటరన్నా. ట్యాంకు లేనిది. మా మామోళ్లింటికి తీస్కపోతాండా. రేపు తలంట్లు దీంతోనే."

"ఇల్లు కొత్తదా, పాతదా?"

"వాళ్ల తాతలు కట్టించిందన్నా."

"వైరింగు?"

"అదీ తాతల నాటిదే అనుకుంటా. కరెంటు మాత్రం ఇప్పటిదే కదన్నా!"

నా జోకుకి నేనే నవ్వుకున్నాను. ఆయన నవ్వలేదు.

"మిద్దె మీద నీళ్ల తొట్టి ఎంత ఎత్తులో ఉండాది?"

"మిద్దె మీదనే, నేల మీద పెట్టినారు. ఈ హీటరుకు తొట్టితో పనేముందన్నా?"

పెనుకొండ వచ్చింది. ఆయన లేచి, దిగబోతూ, నా పెన్ను అడిగి తీసుకుని, పెట్టె అట్ట మీద తన ఫోన్ నంబరు రాశాడు.

"పెట్టుకోప్పా. రేపు తెల్లార్నుంచి లేసే ఉంటా," అన్నాడు.

పాపం, పని వెతుక్కుంటున్నాడు కాబోలని జాలిపడ్డాను. అవును, నేను ఆయన మీద జాలిపడ్డాను!

నేను చేరేసరికి మామగారు దుకాణంలో ఉన్నారు. అత్తగారూ శైలజా పూలకు బజారుకు వెళ్లారు. మామగారి తల్లి నాగమ్మవ్వ ఒక్కతే లోపలి గదిలో నిద్రపోతోంది. ఇంతకంటే మంచి సమయం దొరకదనుకుని చొక్కా విప్పి పనిలోకి దిగాను.

స్నానాలు చేసే నీళ్లింట్లో ఒక మూలన ఇటుకలు పేర్చి, మట్టి మెత్తిన పొయ్యి ఉంది. దాని మీద నీళ్లు కాచే పెద్ద రాగి హండే ఉంది. ఇద్దరు పిల్లలు దాక్కోగలిగేంత పెద్దది, అడుగంతా మసి. గోడకు నా తెల్లటి హీటరును బిగించాను. బిగించి రెండడుగులు వెనక్కి వేసి చూస్తే, దాని పక్కన ఆ మసి పొయ్యి నాకు అసహ్యంగా కనిపించింది. మీరైతే ఏం చేస్తారు? వదిలేస్తారు. నేను పెరట్లోంచి గడ్డపార తెచ్చాను. హండేను కిందామీదా పడి పెరట్లోకి దొర్లించి బోర్లించాను. పొయ్యిని పగలగొట్టి, ఇటుకలు బయట పారేసి, నేల కడిగి, ఇస్త్రీపెట్టెకు వాడే ప్లగ్గులోంచి హీటరుకు కరెంటు ఇచ్చాను. ఆ రోజు నేను పడిన కష్టం ఎవరైనా కూలికి పడితే రెండు రోజులు లేవరు.

శైలజ వచ్చి చూసి, పూలబుట్ట అక్కడే జారవిడిచింది.

"ఏం చేసినారండీ ఇది?"

"సర్‌ప్రైజ్."

"ఈ రోజేమో తెల్సునా మీకు? ఈ పొద్దు నీళ్లు నింపే పండగ!"

నాకు నిజంగా తెలియదు. మా ధర్మవరం ఇంట్లో అట్లాంటిది లేదు. హిందూపురం పక్కనే కన్నడ సీమ కదా, అటునుంచి వచ్చిన ఆచారం అట. నరక చతుర్దశి ముందురోజు సాయంత్రం హండేను చింతపండుతో తోమి, సున్నంతో, ఎర్రమన్నుతో గీతలు గీసి, పసుపు కుంకుమలు పెట్టి, మెడకు పూలు చుట్టి, కొత్త నీళ్లు నింపి పూజ చేస్తారు. ఆ నీళ్లే తెల్లవారి కాచి ఇంటిల్లిపాదికీ తలంటు పోస్తారు. అంటే ఏడాదిలో మూడు వందల అరవై నాలుగు రోజులు వదిలేసి, హండేకు పూజ జరిగే ఒకే ఒక్క రోజున నేను వెళ్లి గడ్డపార పట్టుకున్నానన్నమాట.

సాయంత్రమైంది. నాగమ్మవ్వ నిద్రలేచి, చీర మార్చుకుని, సున్నం గిన్నె, కుంకుమ భరిణె ఉన్న పళ్లెం పట్టుకుని మెల్లగా నీళ్లింటి గడప దగ్గరికి వచ్చింది. అప్పటికే దుకాణం నుంచి వచ్చిన మామగారు, అత్తగారు, శైలజ వరసగా నిలబడి ఉన్నారు.

"పొయ్యి యాడ?" అంది అవ్వ.

"నేనే తీసేసినానవ్వా. పొగ ఉండదని..."

అవ్వ అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. గడప మీద కూర్చుంది.

"ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు ఆ హండే నాతోపాటు బండిలో వచ్చిందప్పా. ఆ ఏడు మొదలు ప్రతి ఏడూ నా చేత్తోనే నింపినా," అంది.

కానీ నేను శిక్షణ పొందిన మనిషిని కదా, వెళ్లి కొళాయి తిప్పాను. హీటరు మీద ఎర్ర లైటు వెలిగింది. "చెయ్యి పెట్టి చూడవ్వా," అన్నాను.

అవ్వ చెయ్యి పెట్టింది. అత్తగారు పెట్టింది. మామగారూ పెట్టారు.

"అబ్బా, బాగనే కాగుతాండాయే!" అంది అత్తగారు.

"తిప్పిన వెంటనే!" అన్నారు మామగారు.

అవ్వ మాత్రం పెట్టెను పైకీ కిందికీ చూసింది. "మూత యాడ?"

"మూత ఉండదవ్వా."

"అట్లయితే నీళ్లు యాడ నింపల్ల?"

"నింపే పనే లేదవ్వా. దీంట్లో నీళ్లు నిలవవు. అదే దీని గొప్పతనం!"

"నీళ్లు నిలవని హండేకు నీళ్లు నింపే పండగ చేసేదెట్లప్పా?" అంది అవ్వ. దానికి కంపెనీవాళ్లు నాకేమీ నేర్పలేదు. ఒకవేళ భోజనాల తర్వాత చెప్పారేమో తెలియదు.

చివరికి హీటరుకే సున్నం గీతలు గీశారు. కుంకుమ పెట్టారు. దానికి మెడ లేదు కాబట్టి పూలదండ పైపుకు చుట్టారు. కింద ఒక చెంబులో నీళ్లు నింపి పెట్టారు. అవ్వ, "పెరట్లో మూడు ఇటుకలు పెట్టి హండే ఎక్కిస్తాం, తెల్లారికి అదీ ఒకటుంటాది," అంది. నేను ఒప్పుకుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేను గుండె మీద చెయ్యి వేసుకుని, "ఒక్క పుల్ల ముట్టించే పని లేదవ్వా. అందరికీ దీంతోనే తలంటు. లేకుంటే నా పేరు మార్చుకుంటా," అన్నాను.

మామగారు గొంతు సవరించుకున్నారు. "అల్లుడూ, కుడిపక్క షట్టర్ అడుగుతుండారు కదా. రేపు మీ మిషన్ పండగ నెగ్గించిందంటే తాళంచెవి మీకే. నెగ్గకపోతే మళ్లీ ఆ మాట ఎత్తద్దండి," అన్నారు. ఆ రాత్రి నేను షట్టర్ పైన బోర్డుకు ఏ రంగు వేయించాలో ఆలోచిస్తూ నిద్రపోయాను.

తెల్లవారకముందే లేపారు. కొత్త అల్లుడికే మొదటి తలంటు. పీట మీద కూర్చోబెట్టి, అత్తగారు హారతి ఇచ్చాక, అవ్వ నా నెత్తిన ఆముదం పోసింది. ధర్మవరంలో నేను వారానికి ఒక షాంపూ ప్యాకెట్‌తో సరిపెట్టుకునేవాణ్ణి. అవ్వ పోసిన ఆముదం నా తలలోంచి దిగి, కనుబొమలు దాటి, చెవుల్లోకి పోయి, బొడ్డు దాకా చేరింది. తర్వాత నీళ్లింట్లో తువ్వాలుతో కూర్చోబెట్టి, గుప్పెడు గుప్పెడు సీకాయ పెట్టి రుద్దింది. కళ్లు మూసుకున్నాను.

"తిప్పప్పా మీ మిషన్ ఇంక," అంది.

తిప్పాను. నీళ్లు వచ్చాయి. రాత్రంతా మిద్దె మీద చల్లబడిన నీళ్లు కదా, సాయంత్రంలా కాగకుండా గోరువెచ్చగా వచ్చాయి. ఆముదం మీద గోరువెచ్చని నీళ్లు పడితే ఏమవుతుందో మీకు తెలుసా? ఏమీ కాదు. జారిపోతాయి.

"సల్లగుండాయే," అంది అవ్వ.

"ధార సన్నగా చేస్తే వేడెక్కుతాయవ్వా." సన్నగా తిప్పాను.

"ఎర్ర లైటు ఆరిపాయ."

"మరీ సన్నగా అయితే అది పని చెయ్యదవ్వా. కొంచెం లావు చేస్తా."

"మళ్లీ సల్లగొస్తాండాయి."

"తొట్టి ఎత్తు చాలక నీళ్ల ఒత్తిడి నిలకడగా రావడం లేదేమో..."

"లావుగా తిప్పితే సల్లన, సన్నగా తిప్పితే అసలుకే లేదు," అంది అవ్వ తీరిగ్గా. "నన్ను కట్టుకున్న ఆయప్ప కూడా ఇట్లనే ఉండేటోడు. కానీ ఆయప్పను నేను బజార్లో కొని తెచ్చుకోలేదు."

తలుపు బయట అత్తగారు కిసుక్కున నవ్వడం వినిపించింది. కళ్లు మూసుకున్నా చెవులు మూసుకోలేం కదా. ఆముదం ఉన్నా సరే, అన్నీ వినిపిస్తున్నాయి.

"బకెట్టు నిండనీ, అప్పుడు చూడండి!" అని అరిచి, లావుకీ సన్నానికీ మధ్య ఒక వెంట్రుకవాసి చోటు పట్టుకుని, బకెట్టు పెట్టాను. వేడినీళ్లు దారంలా వస్తున్నాయి. ఇంట్లో ఇంకా నలుగురికి తలంటు కావాలి. ఆ ధారకు నా బకెట్టు నిండేలోపు వచ్చే దీపావళి వస్తుందని నాకే అర్థమైంది. అప్పుడే వంటింట్లో అత్తగారు వడలకు పప్పు రుబ్బడానికి మిక్సీ వేసింది.

టప్‌మని ఒక చప్పుడు వచ్చింది.

ఉలిక్కిపడి కళ్లు తెరిస్తే ఇల్లంతా చీకటి. మిక్సీ ఆగింది. ఫ్యాను ఆగింది. హీటరు లైటు ఆరింది. ఇప్పటిదాకా దారంలా వచ్చిన వేడినీళ్లు ఆ క్షణంలోనే మంచులా అయ్యాయి. హండే అయితే నిప్పు ఆర్పేసినా పూటంతా వేడిగా ఉంటుంది, ట్యాంకు ఉన్న గీజరైనా ఒక బకెట్టు దాచి ఉంచుతుంది. నా మిషన్ దాచుకునే రకం కాదు. కరెంటు పోయిన మరుక్షణం దాని దగ్గర చుక్క వేడినీళ్లు లేవు. భోజనాల తర్వాత చెప్పింది ఇదేనన్నమాట, నాకు అప్పుడు తెలిసింది.

"పిండి సగంలో ఉండాదే!" అని వంటింట్లోంచి కేక.

సీకాయ నా కుడి కంట్లోకి దిగింది. తర్వాత ఎడమ కంట్లోకి.

"శైలజా! పెట్టె అట్ట మీద నంబరుంది! ఫోన్ చెయ్యి!"

శైలజ తలుపు సందులోంచి ఫోన్ నా చెవికి ఆనించింది. రెండుసార్లు మోగగానే ఎత్తాడు.

"అన్నా, నిన్న రైల్లో..."

"తెల్సునప్పా," అన్నాడు పెనుకొండ పెద్దాయన. "సీకాయ పెట్టకముందా, పెట్టినాకనా?"

"పెట్టినాకన్నా."

"అయ్యో," అన్నాడు. "మీటరు కాడ ఫీజు పోయుంటాది. తడి చేతుల్తో దాని జోలికి పోవద్దు. ఆ మిషనుకు మీటరు నుంచి లావు వైరు వేరేగా లాగల్ల, లోడు పెంచమని కరెంటాఫీసులో అర్జీ పెట్టుకోవల్ల, తొట్టి ఇంకా ఎత్తుకు ఎక్కించల్ల. పండగ పోయినాక వచ్చి చేస్తా."

"ఇప్పుడేం చెయ్యల్లన్నా? కండ్లు మండిపోతాండాయి!"

"ఇప్పుడా? ఇంట్లో ముసలోళ్లెవురన్నా ఉంటే కాళ్లు పట్టుకో."

ఫోన్ పెట్టేశాడు. నాకు షట్టర్ పోయింది, పరువు పోయింది, చూపు కూడా పోయేటట్టుంది. ఇంకేం మిగిలింది గనుక? పీట మీంచి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, చేతులు చాచి తడిమి, దొరికినవాటిని గట్టిగా వాటేసుకున్నాను.

"అవ్వా! తప్పయిపోయింది. నీ పొయ్యి పగలగొట్టినా. నన్ను క్షమించవ్వా!"

"అది బకెట్టప్పా," అంది అవ్వ నా వెనకనుంచి. "నేనీడుండా."

అంతే, నా నెత్తిన వేడినీళ్లు పడ్డాయి. చెంబు తర్వాత చెంబు, పొగ వాసనతో, చర్మం ఎర్రబడేంత వేడిగా, ఆగకుండా పడ్డాయి. ఆముదం కరిగింది. సీకాయ కరిగింది. కళ్లు తెరిచి చూస్తే గుమ్మంలో మామగారు రెండు చేతుల్లో రెండు బకెట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన పంచెకు బూడిద, మీసానికి మసి. వెనక పెరట్లో మూడు ఇటుకల మీద హండే సలసల కాగుతోంది. దాని మెడకు పూలు, ఒంటికి సున్నం గీతలు, అన్నీ ఉన్నాయి. నేను బోర్డు రంగు ఆలోచిస్తూ పడుకున్నాక తల్లీకొడుకులిద్దరూ కలిసి హండే తోమి, నింపి, పూజ చేసి, కోడి కూయకముందే కొబ్బరిపీచు ముట్టించారు.

"మీ మిషన్ మీద నమ్మకం లేక కాదు అల్లుడూ," అన్నారు మామగారు మీసం తుడుచుకుంటూ. "మా అమ్మ మీద రవ్వంత ఎక్కువుండాది, అంతే."

అవ్వ ఇంకో చెంబు పోస్తూ, "కండ్లు బాగుండాయా నాయనా?" అని అడిగింది. పొయ్యి పగలగొట్టినవాణ్ణి ఆమె ముందు అడిగిన మాట అది. నాకు ఏడుపొచ్చింది. అంతా సీకాయ వల్లేనని చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

పండగయ్యాక పెనుకొండ పెద్దాయన వచ్చి, లావు వైరు లాగి, ఆ హీటరును భోజనాల గది పక్కన చేతులు కడుక్కునే కొళాయికి బిగించాడు. అక్కడ అది బంగారంలా పని చేస్తోంది. చలికాలం పొద్దున అవ్వే అందరికంటే ముందు దాన్ని తిప్పుతుంది. "చేతులు కడుక్కునేదానికి బాగుండాది. మనిషిని కడిగేదానికి గాదు," అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. పొయ్యి మాత్రం నేనే కట్టాను. ఇటుకలు మోసి, మట్టి తొక్కి, అవ్వ పక్కన కుర్చీ వేసుకుని వంకలు పెడుతుంటే మూడుసార్లు విప్పి కట్టాను.

షట్టర్ సంగతి నేను మళ్లీ ఎత్తలేదు, మాట అంటే మాటే కదా. సంక్రాంతి దాటాక మామగారే తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మిషన్ నెగ్గలేదు కదా మామా?" అన్నాను.

"మిషన్ నెగ్గలేదు. కానీ మీరు అందరి ముందర తప్పు ఒప్పుకున్నారు. బకెట్టు ముందరైనా సరే, ఒప్పుకున్నారు కదా! అట్లాంటోడు వ్యాపారానికి పనికొస్తాడు," అన్నారు. "ఒకటే షరతు. మిషన్ కొనడానికి వచ్చినోళ్లకు ముందు ఈ కథ పూర్తిగా చెప్పి, తర్వాత అమ్మల్ల."

అందుకే మీకు చెప్పాను. విన్నాక కొందరు వాళ్ల వైరింగు చూపించుకుని, తొట్టి ఎత్తు కొలుచుకుని హీటరు కొంటారు, హాయిగా వాడుకుంటున్నారు. చాలామంది మాత్రం లేచి పక్క షట్టర్‌లోకి వెళ్లి రాగి హండే కొంటారు. మామగారి షరతులో ఉన్న తెలివి నాకు ఈ మధ్యనే అర్థమైంది.

ఇక ప్రతి ఏడూ నీళ్లు నింపే పండగ సాయంత్రం మా ఇంట్లో ఒక పూజ ఎక్కువ జరుగుతుంది. హండేను నింపాక అవ్వ నన్ను పిలిచి, దాని పక్కన నిలబెట్టి, నా బుగ్గలకు రెండు సున్నం గీతలు గీసి, నుదుట కుంకుమ పెట్టి, నిండు చెంబు చేతికిస్తుంది. "ఆ మిషన్ కడుపులో నీళ్లు నిలవలేదు. తెచ్చినోని కడుపులోనన్నా నింపుతాం," అంటుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి చూస్తుండగా చుక్క మిగలకుండా తాగాలి. తాగి, మూతి తుడుచుకుని, ఎడమ చెయ్యి హండే మీద వేసి, కుడి చెయ్యి పైకెత్తి ప్రమాణం చేయాలి.

"నేను, ఈ ఇంటి అల్లుణ్ణి, ఇకమీదట ఎవరి పొయ్యి మీదా గడ్డపార ఎత్తనని, నష్టాలు చెప్పేటప్పుడు నిద్రపోనని, ఎంత సీకాయ కంట్లో పడ్డా బకెట్టు కాళ్లు పట్టుకోనని, ఈ రాగి హండే సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను."

అప్పుడు అవ్వ ఖాళీ చెంబులోకి తొంగిచూసి, "అడుగున ఇంకా రవ్వంత ఉండాది, తాగు నాయనా," అంటుంది.